ఈల వినబడని వంతెన

సంచులు కుట్టే షెడ్డులో నోటితో పని లేదు. అరవై మెషీన్లు ఒక్కసారి కదిలాయంటే పక్కన నిలబడి కేక వేసినా గాలికి పోయినట్టే. అందుకని ఆడవాళ్ళంతా చేతులతో మాట్లాడుకుంటారు. చూపుడువేలు గాలిలో గిరగిరా తిప్పితే దారం అయిపోయిందని. చిటికెనవేలు మడిచి చూపిస్తే సూది విరిగిందని. చెవి తమ్మె లాగితే సూపర్‌వైజరు వస్తున్నాడని. పని సంగతులే కాదు, అత్తగారి మీద చాడీ దగ్గర్నుంచి కడుపునొప్పి దాకా నాలుగు వరసల అవతలికి చేతుల మీదే చేరిపోతాయి.

వాళ్ళలో ఒకామెది కుట్టు చూసే పని. సంచి మూతి తిరగేసి, కుట్టుకి రెండువైపులా బొటనవేళ్ళు పెట్టి లాగుతుంది. దారం ఒక్కచోట దాటేసినా వేళ్ళకి తెలిసిపోతుంది. బాగున్నదాన్ని కూడా ఇంకోసారి లాగి చూస్తుంది.

“నీ చేతిలో పడితే మంచి సంచి కూడా భయంతో చిరిగిపోతుందే,” అంటుంది సూదులక్క. సూదులు లెక్కపెట్టి ఇచ్చి పుచ్చుకునే పెద్దావిడ. ఎవరికి ఏ పేరు అతకాలో ఆవిడే నిర్ణయిస్తుంది. బడి వదలగానే వచ్చి, కట్టలు కట్టిన సంచుల మీదెక్కి పాఠాలు రాసుకునే ఈమె కూతురికి గువ్వ అని పేరు పెట్టింది కూడా ఆవిడే. గువ్వకి పదేళ్ళు. కుడి చెవి ఉన్నా లేనట్టే. ఎడమ చెవికి వినికిడి మిషను ఉంటే మాట అందుతుంది, అదీ ఎదురుగా నిలబడి చెబితే. షెడ్డులోకి వస్తే మాత్రం మిషను తీసి జేబులో వేసుకుంటుంది. అక్కడ అందరికంటే వేగంగా కదిలే చేతులు దానివే.

శుక్రవారం సాయంత్రం మెషీన్లు ఆగాక సూదులక్క గోడమీది క్యాలెండరు వైపు గడ్డం ఎగరేసింది. “అయితే రేపు ప్రయాణమేనా?”

క్యాలెండరులో నగరంలోని రెండు పొడుగాటి కట్టడాల మధ్య వేలాడే తాళ్ళ వంతెన, దాని మీద నడుస్తున్న పిల్లలు. మూడు నెలలుగా ఆ పేజీ తిప్పనివ్వలేదు గువ్వ. పరీక్షలప్పుడు సతాయిస్తుంటే నోరు మూయించడానికి ఆమె “సరేలే” అంది. పిల్లల దగ్గర సరేలే అన్న మాట పత్రం రాసిచ్చినట్టే.

“వెళ్ళాలి అక్కా. గుండె దడదడలాడుతోంది.”

“నగరమేమన్నా పిల్లల్ని మింగుతుందా?”

“మింగదని ఎవరు చెప్పొచ్చారు?”

“వానొస్తే వంతెన మూసేస్తారట,” అంది సూదులక్క ఓరగా చూస్తూ.

“నిజమా?” అంది ఆమె. ఆ గొంతులో ఆశ ఆమెకే వినబడి సిగ్గేసింది.

శనివారం పొద్దున్నే బస్సెక్కారు. ఆమె సంచిలో మిషను బ్యాటరీలు రెండు జతలు, జ్వరం మాత్రలు, దెబ్బల మందు, దూది, బన్నులు. పిల్ల పేరూ తన ఫోన్ నంబరూ రాసిన కాగితాలు రెండు. ఒకటి గువ్వ జేబులో, ఒకటి కాలి మేజోడులో.

“మేజోడులో ఎందుకమ్మా?”

“జేబు చిరిగితే?”

“కాలు తెగితే?”

“నోర్ముయ్యవే, పాపిష్టి మాటలూ నువ్వూను.”

కండక్టరు రాగానే ఆమె సీటులోంచి సగం లేచింది. “పిల్లకి సరిగ్గా వినబడదు బాబూ. మేం దిగే చోటొస్తే కాస్త చెప్పు.”

“మీకు వినబడుతుంది కదమ్మా?”

“నిద్రపోతానేమో.”

ఆమె నిద్రపోలేదు. ఎదురొచ్చే ప్రతి లారీకీ తనే బ్రేకు వేసినట్టు కాళ్ళు బిగించి కూర్చుంది.

లాడ్జీ గుమాస్తా రిజిస్టరు తెరవకముందే మళ్ళీ అదే మాట. “పిల్లకి సరిగ్గా వినబడదు నాయనా. తలుపు కొట్టి పిలిస్తే పలకదు. నేను స్నానానికి వెళ్ళినప్పుడు నిప్పూ గిప్పూ అంటుకుంటే...”

“ఇంతవరకూ అంటుకోలేదమ్మా.”

“అంటుకునేదాకా ఎక్కడా అంటుకోదు.”

గుమాస్తా తలెత్తి గువ్వ వంక చూశాడు, ఆ తరవాత ఆ చెవి వంక చూశాడు. గువ్వ జడ ముందుకి లాక్కుంది.

మధ్యాహ్నం పాత గడియారాలూ పడవలూ పెట్టిన ప్రదర్శనశాలకి వెళ్ళారు. గుమ్మంలోనే కాపలాదారు చెవిన కూడా ఆ మాట వేసింది. మనిషి మంచివాడే. అదే చిక్కయింది. చేస్తున్న పని మానేసి వీళ్ళ వెంటపడ్డాడు. “పా...పా! ఇ...టు! గ...డి...యా...రం!” అని ఒక్కొక్క అక్షరం విడగొట్టి, గదులు దద్దరిల్లేలా అరిచాడు. గాజు పెట్టెల ముందున్నవాళ్ళంతా వెనక్కి తిరిగి, గడియారాలు వదిలేసి గువ్వని చూశారు. ఒకావిడ “అయ్యో పాపం” అంది. అది గువ్వకి వినబడలేదు గాని పెదాలు కనబడ్డాయి.

ఇతన్ని పొమ్మను, అని గువ్వ నడుం దగ్గర చెయ్యి పెట్టి రహస్యంగా అడిగింది.

మన మంచికేలే, అని ఆమె చేత్తోనే సర్దిచెప్పింది.

సాయంత్రం పార్కులో బన్ను తింటూ గువ్వ ఉన్నట్టుండి అంది: “రేపు వంతెన దగ్గర ఎవరికీ చెప్పకు.”

“చెప్పకపోతే ఎలాగే? ఏదన్నా అయితే?”

“నాకు వినబడకపోతే నేనే అడుగుతాను. నువ్వు చెప్పకు.”

“సరేలే.”

“ఊరికే అనకు. ఒట్టు.”

ఆమె ఒట్టేసింది.

ఆదివారం లాడ్జీ కిటికీ తెరిస్తే ఆకాశం తుడిచిపెట్టినట్టుంది. మబ్బు తునక లేదు. ఆమె చాలాసేపు చూసి కిటికీ మూసింది.

క్యాలెండరులో వంతెన చుట్టూ నీలం తప్ప ఏమీ లేదు. ఇక్కడ కింద నాలుగు వరసల రోడ్డు, హారన్లు, ప్రహరీ పక్కన భడభడలాడే జెనరేటరు. ఇటొక ఇనప కట్టడం, అటొక ఇనప కట్టడం, మధ్యలో మూడంతస్తుల ఎత్తున తాళ్ళూ చెక్కపలకలూ. పైన మొదటి అరుగు మీద ఒకతను మెడలో ఈల వేసుకుని నిలబడ్డాడు. కింద ఎర్రటోపీ ఆయన పిల్లలకి బెల్టులు కట్టి ఒక్కొక్కరినే మెట్లెక్కిస్తున్నాడు. గువ్వ ఎత్తు కొలిచే కర్ర దగ్గరికి పరిగెత్తి, మడమలు ఆనించి నిలబడి, గీత కంటే నాలుగు వేళ్ళు ఎక్కువున్నానని అక్కణ్ణించే చేత్తో చూపించింది.

ఆమె టికెట్ల కిటికీ దగ్గరికి వంగింది. లోపల కళ్ళజోడు ముసలాయన. ఒకటి, అని వేలు చూపించింది. టికెట్టు చేతికొచ్చింది. వెళ్ళిపోతే సరిపోయేది. తలెత్తి ఒక్కసారి పైకి చూసింది. ఎవరో పిల్లాడి కాలికింద పలక ఊగింది. మళ్ళీ కిటికీ దగ్గరికి వంగింది.

“పిల్లకి సరిగ్గా వినబడదు బాబూ. కాస్త చూసుకోండి.”

మాట దాటాక నాలిక కరుచుకుంది. కళ్ళజోడు ఆయన అప్పటికే కిటికీలోంచి మెడ బయటపెట్టాడు. “ఒరేయ్ టోపీ! చెవిటి పిల్లట, చూసుకో!”

ఎర్రటోపీ ఆయన గువ్వ నడుముకి బెల్టు చుట్టబోతున్నవాడల్లా ఆగిపోయాడు. చెవిలో మిషను చూశాడు. బెల్టు తీసి కొక్కేనికి తగిలించాడు.

“కుదరదమ్మా. పైన ఈల వేస్తే ఆగాలి. రెండుసార్లు వేస్తే కదలాలి. వినబడని పిల్లని ఎలా పంపిస్తాం? ఏదన్నా అయితే ఎవరిది బాధ్యత? పక్కకి రండి, వెనక జనం ఉన్నారు. టికెట్టు వెనక్కి తీసుకుంటాంలే.”

నిజం చెప్పాలంటే మొదట ఆమెకి ప్రాణం కుదుటపడింది. అబ్బ, తప్పింది అనుకుంది. పిల్లకి ఐస్‌క్రీమ్ కొనిపెట్టి, పడవ ఎక్కించి, చీకటి పడకముందే బస్సెక్కేయొచ్చు. రూలట, మనం ఏం చేస్తాం అనొచ్చు. ఆ ముఖం పెట్టుకునే బెంచీ దగ్గరికి నడిచింది.

గువ్వ ఏడవలేదు. ఎదురుగా నిలబడి తల్లి ముఖంలోకి చూసింది. పెదాలు చదవడం నేర్చిన పిల్ల. పెదాలు కదలనప్పుడు ముఖం కూడా చదివేస్తుంది.

“నువ్వే చెప్పావు.”

“నీ మంచికే...”

“నువ్వే చెప్పావు కదా?”

ఆమె తలూపింది. “చెప్పాను. ఒట్టేసి తప్పాను.”

“అయితే వెళ్ళి వెనక్కి తీసుకో.”

“అన్న మాట వెనక్కెలా వస్తుందే?”

గువ్వ మిషను చెవిలోంచి తీసి గుప్పిట్లో పెట్టుకుని, బెంచీకి ఆ చివర కూర్చుని, వీపు తిప్పేసింది. వీపు తిప్పిన పిల్లతో చేతులతో కూడా మాట్లాడలేం. షెడ్డులో ఎంత తగువు పడినా ఎవరూ ఎవరికీ అలా వీపు పెట్టరు.

ఆమె కూర్చుంది. చేతులకి పనిలేక టికెట్టు అంచు మడుస్తూ విప్పుతూ పైకి చూసింది. మొదట భయంగానే చూసింది. చూడగా చూడగా కళ్ళకి పని అలవాటు వచ్చేసింది, సంచుల వరస ముందు నిలబడ్డట్టు. పైనున్నతని బుగ్గలు ఉబ్బాయి. ఈల వేస్తున్నాడు. చప్పుడు రాలేదు. జెనరేటరు రొదలో కలిసిపోయింది. వంతెన మీది పిల్లలు నడుస్తూనే ఉన్నారు. మళ్ళీ బుగ్గలు ఉబ్బాయి. మళ్ళీ నడుస్తూనే ఉన్నారు. అప్పుడతను చెయ్యి పైకెత్తాడు. వెనక్కి తిరిగి చూసుకున్న ఒక పిల్ల ఆగింది. దాన్ని చూసి వెనకున్నవాడు ఆగాడు.

ఒకటి, అనుకుంది ఆమె.

ఏడు దాకా లెక్కపెట్టింది. ఏడుసార్లూ కుట్టు ఒకేచోట ఊడింది. ఇక ఇంకోసారి లాగి చూడాల్సిన పనిలేదు. ఆమె లేచింది. భయం పోయాక లేచిందనుకుంటే పొరపాటు. భయంతోనే లేచింది.

“ఆ రూలు ఎక్కడ రాసుంది బాబూ?”

ఎర్రటోపీ ఆయన విసుగ్గా బోర్డు చూపించాడు. ఆమె బోర్డు మీద వేలు పెట్టి, ఏడో తరగతి దాకా చదివిన చదువుతో, ఒక్కొక్క వరసా కూడబలుక్కుని చదివింది. ఎత్తు గీత దాటాలి. జేబులు ఖాళీగా ఉండాలి. చెప్పులు ఊడకూడదు. బెల్టు విప్పకూడదు. ఈల వేస్తే ఆగాలి.

“చెవి సంగతి ఇందులో లేదే.”

“ఈల వేస్తే ఆగాలని ఉంది కదమ్మా!”

“మరి వీళ్ళెవరూ ఆగట్లేదేం?”

“ఎవరు?”

“పైనున్న పిల్లలు. ఆ బెంచీ మీద కూర్చుని ఇందాకట్నించి చూస్తున్నాను. ఆయన ఏడుసార్లు ఈల వేశాడు, ఏడుసార్లూ ఒక్కరూ ఆగలేదు. చెయ్యెత్తాక ఆగారు. అదుగో, మళ్ళీ వేస్తున్నాడు. నీకు వినబడిందా?”

వరసలో నిలబడ్డవాళ్ళంతా తలలెత్తారు. పైన బుగ్గలు ఉబ్బాయి. కింద జెనరేటరు భడభడలాడింది.

“ఓసి నీ దుంపతెగ!” అంది వరసలో మనవణ్ణి పట్టుకుని నిలబడ్డ ఒక మామ్మగారు. “ఆయన ఊరికే గాలి పీల్చుకుంటున్నాడేమో అనుకుంటున్నా ఇంతసేపూ.”

నలుగురు నవ్వారు. మామ్మగారి వెనక నల్లకళ్ళద్దాల తండ్రి మాత్రం నవ్వలేదు. “చూడండమ్మా, మీ ఒక్కరి కోసం ఇంతమందిని ఎండలో నిలబెడతారా? పిల్ల క్షేమం కోసమేగా వాళ్ళు చెప్పేది?”

“నా పిల్ల క్షేమం నాకు చెబుతున్నారా బాబూ?” ఆమె గొంతు లేచింది. “దాని మేజోడులో ఫోన్ నంబరు పెట్టినదాన్ని నేను. ఈ ఊళ్ళో అడుగుపెట్టిన దగ్గర్నుంచి కనబడినవాడికల్లా వినబడదు వినబడదు అని దండోరా వేసింది నేను. తప్పు నాది. వినబడదని చెప్పాను గాని దానికి ఎంత కనబడుతుందో చెప్పలేదు. చెబుతున్నాను, ఇప్పుడు వినండి.”

అదే సమయానికి పైనున్నతను అరుగు అంచుకి వచ్చి, నోటి చుట్టూ చేతులు పెట్టి కిందికి ఏదో అరిచాడు. ఎర్రటోపీ ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టి “ఏంటీ?” అన్నాడు. పైనతను మళ్ళీ అరిచాడు. “ఏంటిరా?” అన్నాడు ఈయన.

ఎప్పుడు లేచి వచ్చిందో, గువ్వ తల్లి పక్కనే నిలబడి ఉంది. ఎండకి చెయ్యి అడ్డం పెట్టి పైకి చూస్తోంది. మిషను ఇంకా గుప్పిట్లోనే ఉంది.

“టీ ఏదీ అంటున్నాడు,” అంది.

“ఆఁ?”

“పొద్దుట్నించి చుక్క టీ లేదు, ఆ కిటికీలో ముసలోడికి చెప్పు అంటున్నాడు.”

వరసంతా గొల్లుమంది. కళ్ళజోడు ఆయన కిటికీలోంచి మెడ చాపాడు. “ఎవడ్రా ముసలోడు?”

ఎర్రటోపీ ఆయన నమ్మలేక, పైకి చూస్తూ గ్లాసు ఎత్తి తాగుతున్నట్టు చెయ్యి చూపించాడు. పైనతను రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టాడు.

నవ్వులు తగ్గాక ఎర్రటోపీ ఆయన టోపీ తీసి తల గోక్కున్నాడు. కోపమూ లేదు, ఒప్పుకోవడమూ లేదు. “అది సరేనమ్మా. రేపు మా పైవాళ్ళడిగితే నేనేం చెప్పను? సొంత పూచీ మీద పంపిస్తున్నానని ఓ కాగితం రాసివ్వండి. పంపిస్తాను.”

పొద్దున్న అయితే రాసిచ్చేది. ఏ కాగితం మీద ఎక్కడ పెట్టమంటే అక్కడ సంతకం పెట్టి, పైగా థాంక్స్ కూడా చెప్పేది.

“ఇప్పటిదాకా పైకి వెళ్ళిన పిల్లల్లో ఎవరి తల్లి రాసిచ్చింది?”

ఆయన టోపీ మళ్ళీ తలమీద పెట్టుకున్నాడు.

“ఈ వరసలో ఉన్నవాళ్ళందరి చేతా రాయించు. అందరికంటే ముందు నేను రాస్తాను. నాకొక్కదానికే అయితే రాయను. టికెట్టూ వెనక్కివ్వను. ఇక్కణ్ణించి కదలను.”

“మేమూ రాయం,” అంది మామ్మగారు. “నాకు సంతకమే రాదు.”

నల్లకళ్ళద్దాల తండ్రి గడియారం చూసుకున్నాడు. ఎండ నడినెత్తికి వచ్చింది. ఎర్రటోపీ ఆయన కిటికీ వైపు చూశాడు. కళ్ళజోడు ఆయన ఫ్లాస్కులోంచి గ్లాసులోకి టీ వంపుతూ తలెత్తకుండానే “పంపించెయ్యి, చస్తున్నాం,” అన్నాడు.

బెల్టు కొక్కెం మీంచి దిగింది. ఎర్రటోపీ ఆయన దాన్ని గువ్వ నడుముకీ తొడలకీ చుట్టి బిగించాడు. ఆమె వంగి, కుట్టున్న ప్రతిచోటా బొటనవేళ్ళు పెట్టి లాగింది.

“బాగుందా?” అన్నాడు కాస్త వెటకారంగా.

“మూడు వరసలు వేశారు. మంచి కుట్టే. ఎడమవైపు పట్టీ కొంచెం వదులుంది, ఒక కన్నం లోపలికి పెట్టు.”

ఆయన పెట్టాడు. “పైన చెయ్యెత్తితే ఆగాలి. చెయ్యి దించితే నడవాలి. పాపకి అర్థమవుతుందాండీ?”

“దాన్నే అడుగు.”

ఆయన ఒక్క క్షణం తటపటాయించి, మోకాలి మీద కూర్చుని గువ్వ ముఖానికి ఎదురుగా వచ్చాడు. అరవలేదు. మామూలుగానే చెప్పాడు.

“తెలుసు,” అంది గువ్వ. “చూశాను.”

మిషను తల్లి చేతిలో పెట్టి మెట్లెక్కింది. వెనక్కి తిరగలేదు. కోపం తీరిందో లేదో కూడా తెలియనివ్వలేదు.

ఆమె కళ్ళు మూసుకోవాలనుకుంది. మూసుకోలేదు. గువ్వ మొదటి పలక మీద కాలు పెట్టింది. రెండోది. తాడు పట్టుకున్న చేతులు తెల్లబడి ఉంటాయి, కిందికి కనబడవు. నడివంతెన మీద గాలికి జడ పక్కకి లేచింది. పైనతని చెయ్యి పైకి లేచింది. అంతమందిలో అందరికంటే ముందు గువ్వే ఆగింది. ప్రతి నాలుగు పలకలకీ ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుంటోంది అది. దాని ముందున్న కుర్రాడు నడుచుకుంటూ పోతుంటే వీపు తట్టి ఆపింది. చెయ్యి దిగింది. మళ్ళీ నడిచింది. నడిచి, అటు కట్టడంలోకి వెళ్ళి, కనబడకుండా పోయింది.

“మా గువ్వే,” అంది ఆమె మామ్మగారితో. ఆ తరవాత ఎర్రటోపీ ఆయన వైపు తిరిగింది. “ఇప్పుడు ఇటు ఎప్పుడొస్తుంది బాబూ?”

“ఇటు రారమ్మా. దిగేది అవతలి రోడ్డులో. ఆ మలుపు తిరిగి వెళ్ళాలి.”

అవతలి రోడ్డులో పిల్ల ఒక్కతే. మిషను తన గుప్పిట్లో. ముందు నాలుగడుగులు పరిగెత్తింది. జనం తగిలి ఆగింది. తరవాత నడిచింది. ప్రహరీ వెంట, పళ్ళరసాల బండ్ల వెంట, ఎంత నడిచినా మలుపు రాలేదు. చివరికి వచ్చింది.

రోడ్డుకి అవతల గేటు దగ్గర గువ్వ నిలబడి ఉంది. బెంగగా లేదు. వంతెన మీద తను వీపు తట్టి ఆపిన కుర్రాడికి చేతులతో ఏదో చెబుతోంది. వాడు చేతకాక తప్పుగా తిప్పుతుంటే వాడి వేళ్ళు పట్టుకుని సరిచేస్తోంది. ఆమె పిలవబోయి మానేసింది. రోడ్డు దాటడానికి ఒక కాలు కిందికి దించింది.

గువ్వ తలెత్తింది. తల్లిని చూసింది. తల్లికి కుడివైపునుంచి ఏదో వస్తున్నది కూడా చూసింది. అరచెయ్యి నిటారుగా పైకెత్తింది.

పొద్దుట్నించి ఎవరు ఎన్ని చెప్పినా ఆగని మనిషి, ఆ చెయ్యి చూసి ఆగింది. బస్సు ఆమె ముందునుంచి వేడిగాలి కొట్టుకుంటూ వెళ్ళిపోయింది. ఆమె కాలు మళ్ళీ గట్టు మీద పెట్టుకుని, ఆ చెయ్యి దిగేదాకా నిలబడింది.